రాయబాకమ్మా

ఏప్రిల్ ఎండకి పామూరు రోడ్డు తారు మెత్తబడి
చెప్పు అడుగున అంటుకుంటోంది.
సంచిలో ఒక ధర్మామీటరు,
సగం అరిగిన పెన్సిలు, రూళ్ల నోటుబుక్కు,
సర్కారు ఇచ్చిన ఫోను,
ఫోనులో కొత్తగా వచ్చి కూర్చున్న యాప్.

గడప గడపకీ పోయి ఎక్కించమన్నారు.
బ్లూటూత్ ఆపొద్దని చెప్పమన్నారు.
మా కాలనీలో పొగాకు కంపెనీకి పోని ఆడమనిషి లేదు.
ఆకు ఏరి ఏరి వేళ్లకి బంక పట్టి
అద్దం మీద ఎంత నొక్కినా
ఫోను వాళ్లని మనుషులుగా గుర్తుపట్టదు.
చీర చెంగుతో నేనే తుడిచి, నేనే నొక్కి,
'ఒప్పుకుంటున్నాను' అన్న చోట
వాళ్ల బదులు నేనే ఒప్పుకున్నాను.
ఎన్నిసార్లో. లెక్కపెట్టలేదు.

లారీ మాలకొండయ్య అడిగాడు:
"ఆశమ్మా, నేను యాడికి పోయేదీ ఇది చూస్తాదా?"
మీటింగులో మాకు చెప్పిందే చెప్పాను:
"యాడికి పోయావో కాదయ్యా,
ఎవరి పక్కన నిలబడ్డావో, అంతే."
"అసలు సంగతి అదే గదమ్మా" అని నవ్వి
ఫోను లుంగీ మడతలో దోపుకున్నాడు.

మస్తానమ్మకి జొరం తగిలింది.
ఆమె దగ్గుతానే ఉంది,
ఫోను పచ్చగా వెలుగుతా 'మీరు క్షేమం' అంటానే ఉంది.
మూడోనాటికి ఒంగోలు నుంచి కబురు.
ఆమె గడప లోపల, నేను కుళాయి దిమ్మె దగ్గర.
పద్నాలుగు రోజుల్లో ఎవరెవర్ని కలిశావంటే
గట్టిగా పదకొండు పేర్లు చెప్పింది.
గ్రేడింగులో పక్క పీట ఖాజాబీ,
పాల పెంచలయ్య, చీటీల సుబ్బరత్తమ్మ,
మాటల్లేని తోడికోడల్ని కూడా దాచలేదు.
నేను పన్నెండు అంకె వేసి తలెత్తాను.
ఆమె నన్ను చూడలేదు, పెన్సిల్ని చూసింది.
రెండడుగులు ముందుకొచ్చి
ఆరడుగుల దూరాన్ని నాలుగు చేసి
మాస్కు లోపల్నించి ఒక పేరు చెప్పి
"రాయబాకమ్మా" అంది.

రాయలేదు.
నడిచాను. ఎంత దూరమో చెప్పను,
కావాలంటే ఎండ గురించి చెప్తాను.
ఆ మనిషికి చెప్పాల్సింది చెప్పి, టెస్టుకి పంపి,
గడప మీద పెట్టిన మజ్జిగ తాగకుండా తిరిగొచ్చాను.

"పన్నెండు ఖాళీగా ఉందేందమ్మా?" అన్నాడు సారు.
"అంకె ఎక్కువ పడింది సార్."
పేజీని ఫోటో తీసుకున్నాడు. రిపోర్టుకి అన్నాడు.

తెల్లారేసరికి ఆ పేజీ
కందుకూరులో ఫోనున్న ప్రతి చేతిలోనూ ఉంది.
నా చేతిరాత, నా వంకర 'ఖ',
చుట్టూ ఎవరో గీసిన ఎర్ర సున్నాలు.
ఖాజాబీ ఇంటికి నీళ్ల క్యాను ఆగింది.
పెంచలయ్య క్యానులో పాలు క్యానులోనే విరిగినయ్.
సుబ్బరత్తమ్మ నా ముఖాన తలుపేసింది.
వేసే ముందు ఒక మాటంది,
అది న్యాయమైంది గనక దాచను:
"నీకు చెప్పాం గానీ ఊరికి చెప్పామా?"

ఆ తర్వాత ఏ ఇంట అడిగినా
ఎవరూ ఎవర్నీ కలవలేదు.
జొరాలు మాత్రం ఒకదాన్నొకటి కలుసుకుంటా
వీధి చివరిదాకా నడిచినయ్.
ఒక్కొక్కరే యాప్ పీకేశారు.
కొందరు ఆ పని కూడా నాతోనే చేయించుకున్నారు,
బంక వేళ్లు గదా.

ఇప్పుడు మీరూ అడుగుతారు, పన్నెండో మనిషి ఎవరని.
ఆడా, మగా, ఏ ఊరు, ఏమవుతారని.
మస్తానమ్మ అన్నానా, అది ఆమె పేరు కాదు.
కుళాయి దిమ్మె ఉన్న మాట నిజం,
ఆ వీధిలో కాదు.

టీకాల రోజు బడి వరండాలో
బెంచీ ఏసుకుని పొద్దున్నుంచి కూర్చుంటే ఒక్కరూ రాలా.
పదకొండింటికి ఆమె వచ్చింది,
నల్లటి వేళ్లతో రవిక చెయ్యి పైకి జరుపుకుంటా.
ఆమె వెనక ఇంకొకరు.
పేరు, వయసు, ఆధార్ నంబరు
నర్సు అడుగుతోంది.
నేను దూది డబ్బా మూత
బిగుసుకుపోయినట్టు తిప్పుతా, తిప్పుతా
తలెత్తలేదు.